పాత ముక్క చూడకుండా పార్టు అమ్మడం: చిన్న స్పేర్స్ కొట్టుకు ఆన్‌లైన్ షాపు

మా కొట్టు తెనాలిలో, బోస్ రోడ్డు పక్క సందులో ఉంది. మిక్సీ, గ్రైండరు, కుక్కరు, ఫ్యాను స్పేర్లు అమ్ముతాం. వెనక గదిలో రిపేర్లు చేస్తాం. నాన్న మొదలుపెట్టిన కొట్టు ఇది. కౌంటరు దగ్గరికి ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి మాట, "పాత ముక్క తెచ్చారా?" తెచ్చినవాళ్లకు రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ ముక్కను వేళ్ల మధ్య ఒకసారి తిప్పి చూసి, వెనక్కి తిరిగి, డబ్బాల్లోంచి సరిగ్గా అలాంటిదే తీసి ఇస్తారు. తేనివాళ్లను ఇంటికి వెళ్లి తెమ్మంటారు, అంతేగానీ అంచనా మీద ఏదీ ఇవ్వరు.

ఆన్‌లైన్‌లో అమ్మకం మొదలుపెట్టినప్పుడు సైటు కట్టడమే పెద్ద పని అనుకున్నాను. సైటు వారంలో అయిపోయింది. నెలలు పట్టిన పని వేరే ఉంది: నాన్న అడిగే ఆ ఒక్క ప్రశ్నకు ఆన్‌లైన్‌లో ఏం పెట్టాలో కనుక్కోవడం. చీర కొనేవాళ్లు రంగు, అంచు చూస్తారు. పార్టు కొనేవాళ్లు "ఇది నా మిక్సీకి పడుతుందా, పడదా" అన్నదే చూస్తారు. ఆ అనుమానం తీరితే పది రూపాయలు ఎక్కువైనా కొంటారు. తీరకపోతే ఎంత చౌకగా పెట్టినా కొనరు, లేదంటే కొని తిప్పి పంపుతారు. మీది బండి స్పేర్లు కావచ్చు, కుట్టుమిషను పార్టులు కావచ్చు, బోరు మోటారు సామాన్లు కావచ్చు, ఇందులో తేడా ఉండదు.

కొలతలు ముందు, కంప్యూటరు తర్వాత

సైటు సంగతి పక్కన పెట్టి ముందు మూడు వస్తువులు కొనండి. ఒక డిజిటల్ వెర్నియర్ (మందం, వ్యాసం మి.మీ.లలో కచ్చితంగా కొలిచే సాధనం), ఒక స్టీలు స్కేలు, గ్రాముల్లో చూపించే చిన్న కాటా. తర్వాత ఒక పొడవాటి పుస్తకం తీసుకుని డబ్బా డబ్బాకూ కూర్చోండి.

మిక్సీ కప్లర్‌కు (మోటారు తిప్పుడును జారు బ్లేడుకు అందించే పళ్ల ముక్క) నేను రాసుకునేవి ఇవి: జారు కింద ఉండేదా, మోటారు మీద ఉండేదా, ఎన్ని పళ్లు, బయటి వ్యాసం, ఎత్తు, మధ్యలో మర సైజు, ఆ మర కుడి చుట్టా, ఎడమ చుట్టా, లోపల లోహం ఉందా, అంతా ప్లాస్టిక్కేనా. కార్బన్ బ్రష్షులకు (మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్కలు) వెడల్పు, మందం, పొడవు మి.మీ.లలో, స్ప్రింగుతో వస్తుందా, విడిగానా. సీలింగ్ ఫ్యాను కండెన్సరుకు మైక్రోఫారడ్లు, వోల్టులు. ఇళ్లలో ఎక్కువగా కనిపించేది 2.5, 440 వోల్టులది. గ్రైండరు బెల్టుకు దాని మీద అచ్చయిన నంబరు. "ఎ" రకం వి-బెల్టు అంటే పైన వెడల్పు 13 మి.మీ., పక్కన ఉన్న అంకె అంగుళాల్లో పొడవు. కుక్కరు వాషరుకు కంపెనీ, ఎన్ని లీటర్లది, మూత లోపలికి దిగేదా, పైన కూర్చునేదా.

ఈ పనిని ఒక్కరే చేయాలని పట్టుబట్టకండి. మా ఇంట్లో నాన్న ముక్క పట్టుకుని "ఇది ఫలానా కంపెనీ 750 వాట్లది, 500 వాట్లదానికి కూడా పడుతుంది" అని చెబుతుంటే నేను రాశాను. ఆయన తలలో ముప్పై ఏళ్లుగా ఉన్నది మొదటిసారి కాగితం మీదికి వచ్చింది. మీ కొట్టులో కూడా ఇలాంటి మనిషి ఒకరు ఉంటారు. పెద్దమేస్త్రీ కావచ్చు, మామయ్య కావచ్చు. ఆయన చేతికి తెలిసింది ఆయన ఆరోగ్యంగా ఉండగానే రాసిపెట్టుకోండి. ఆన్‌లైన్ షాపు పెట్టకపోయినా ఈ పుస్తకం ఒక్కటి ఉంటే కొట్టుకు ఆస్తే.

కొలత ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా మొదటి నెలలో శ్రీకాకుళం పంపిన కప్లరు 2 మి.మీ. పెద్దదైంది. ఫొటోలో రెండూ అచ్చం ఒకలాగే ఉన్నాయి. ఆ పెద్దాయన ఫోన్ చేసి కోపంగా కూడా మాట్లాడలేదు. "అమ్మా, ఇంట్లో శుభకార్యం ఉంది, నాలుగు రోజులు పచ్చడి రోట్లో నూరుతున్నారు" అన్నారు. సరైనది అదే రోజు పంపాను, రెండు వైపుల ఖర్చూ నేనే పెట్టుకున్నాను. ఆ రోజు నుంచి వెర్నియర్‌తో కొలవని ముక్కకు పేజీ పెట్టలేదు.

ఫొటోలు

ఖరీదైన కెమెరా అక్కర్లేదు, ఫోను చాలు. తెల్ల చార్టు, కిటికీ వెలుగు, మధ్యాహ్నం ఎండ నేరుగా పడని చోటు. ప్రతి ముక్కకూ నాలుగు ఫొటోలు తీస్తాను: పైనుంచి, కింద నుంచి, పక్క నుంచి, నాలుగోది స్టీలు స్కేలు పక్కన పెట్టి. స్కేలు కనబడే ఫొటో అన్నిటికంటే ముఖ్యం. పది రూపాయల బిళ్ల పెట్టినా సరిపోతుంది, దాని వ్యాసం 27 మి.మీ., ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. కొనేవాళ్లు తమ పాత ముక్క పక్కన అదే బిళ్ల పెట్టి పోల్చుకుంటారు. కంపెనీ వాళ్ల కేటలాగులోంచి ఫొటో తీసుకుని పెట్టకండి. అది వాళ్ల ఫొటో, పైగా మీ డబ్బాలో ఉన్న ముక్క అది కాదు.

ఐదో ఫొటో ఒకటి పెడితే బాగా పనికొస్తుంది: ఆ పార్టు మిక్సీలో ఎక్కడ కూర్చుంటుందో చూపేది. "బుష్ అంటే ఏది మేడం?" (జారు అడుగున బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టం) అనే ఫోన్లు సగానికి తగ్గాయి.

ఎన్నింటితో మొదలుపెట్టాలి

మా కొట్టులో వెయ్యికి పైగా రకాలున్నాయి. మొదట అన్నీ ఎక్కించాలనుకున్నాను. ఆ టెన్షన్‌తో రెండు వారాలు ఒక్కటీ ఎక్కలేదు. తర్వాత గత ఆరు నెలల బిల్లులు తీసి, ఎక్కువసార్లు పోయిన 40 రకాలు ఏరి, వాటితో మొదలుపెట్టాను. జారు బుష్, బ్లేడు, కప్లర్లు, కార్బన్లు, ఓవర్‌లోడ్ స్విచ్చి, ఫ్యాను కండెన్సర్లు, కుక్కరు వాషర్లు, విజిళ్లు. అమ్మకంలో ఎక్కువ భాగం ఇప్పటికీ వీటిదే.

పేరు పెట్టడంలో చాలామంది పొరపడతారు. డబ్బా మీద కెపాసిటర్ అని ఉంటుంది, జనం కండెన్సర్ అని వెతుకుతారు. కంపెనీ గ్యాస్కెట్ అంటుంది, మనవాళ్లు కుక్కర్ వాషర్ అంటారు. వెయిట్ వాల్వ్ అంటే ఎవరికీ తెలియదు, విజిల్ అంటే తెలుస్తుంది. ఇంగ్లిష్ అక్షరాల్లో మిక్సీ అన్న ఒక్క మాటనే నాలుగు రకాలుగా రాస్తారు. కాబట్టి పేజీ పేరులో కంపెనీ మాట, జనం మాట రెండూ ఉండాలి. వివరంలో తెలుగులో కూడా రాయండి. మిగతా స్పెల్లింగులను సైటులో ట్యాగుల కింద పెట్టుకోవచ్చు. మీ కౌంటరు దగ్గర ఒక రోజంతా కూర్చుని జనం ఏ మాటతో అడుగుతున్నారో రాసుకుంటే ఈ పని అయిపోతుంది.

ప్రతి రకానికీ ఒక కోడు ఇవ్వండి, ఆ కోడులోనే అది ఏ అరలో, ఏ డబ్బాలో ఉందో తెలియాలి. మా దగ్గర మూడో అర ఏడో డబ్బా అయితే కోడు చివర 0307. కొట్లో కొత్త కుర్రాడు కూడా ఆర్డరు చూసి ముక్క తీయగలడు.

కంపెనీ పేరు రాయవచ్చా

ఇది అందరూ భయపడే విషయం. మనం అమ్మేవాటిలో చాలా ముక్కలు కంపెనీ చేసినవి కావు, ఆ మోడలుకు సరిపోయేలా వేరేవాళ్లు చేసినవి. 1999 నాటి ట్రేడ్‌మార్క్స్ చట్టంలో 30వ సెక్షన్ దీనికి చోటిచ్చింది: ఒక వస్తువుకు అమరే విడిభాగమని చెప్పడానికి అవసరమైనంత మేరకు ఆ వస్తువు పేరు వాడుకోవచ్చు. కొనేవాళ్లు అది ఆ కంపెనీదే అని పొరబడేలా ఉండకూడదు. అందుకని పేజీలో "ఫలానా కంపెనీ ఫలానా మోడలుకు సరిపోతుంది, కంపెనీ తయారీ కాదు" అని స్పష్టంగా రాస్తాను. లోగో ఎక్కడా పెట్టను. కంపెనీ ఒరిజినల్ ముక్కలు ఉంటే వాటికి వేరే పేజీ, వేరే ధర. ఒరిజినల్ కానిదాన్ని ఒరిజినల్ అని అమ్మడం చట్టానికీ తప్పు, వ్యాపారానికీ తప్పు. ఒకసారి మోసపోయిన మనిషి మళ్లీ మన గడప తొక్కడు.

కుక్కరు సేఫ్టీ వాల్వు, గ్యాసు పైపు లాంటివాటి విషయంలో నాది ఇంకా గట్టి నియమం. ప్రాణానికి సంబంధించిన ముక్కల్లో చౌక రకం మా సైటులో ఉండదు. ఐఎస్ఐ గుర్తున్న పైపు మాత్రమే, కుక్కరు కంపెనీ సేఫ్టీ వాల్వు మాత్రమే. ఇందులో లాభం తక్కువైనా ఇలాగే చేస్తాను, మీరూ ఇలాగే చేయాలని కోరుకుంటాను.

జీఎస్టీ, ప్యాకెట్ మీద రాతలు

మన రెండు రాష్ట్రాల వాళ్లకు ఇక్కడ ఒక మెలిక ఉంది. సరుకులు అమ్మేవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి 40 లక్షల టర్నోవరు వరకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, తెలంగాణలో ఆ హద్దు 20 లక్షలు. కానీ ఆ వెసులుబాటు సొంత రాష్ట్రంలో అమ్ముకునేవాళ్లకే. వేరే రాష్ట్రానికి ఒక్క కప్లరు పంపినా రిజిస్ట్రేషన్ ఉండాలి. 2014 జూన్ 2 నుంచి తెనాలి కొట్టుకు హైదరాబాదు వేరే రాష్ట్రమే. నాకొచ్చే ఆర్డర్లలో సగం హైదరాబాదు నుంచే. మన పిల్లలు అక్కడ అద్దె ఇళ్లలో ఉంటూ అమ్మ ఇచ్చిన పాత మిక్సీ వాడుతుంటారు. కాబట్టి ఆన్‌లైన్ అంటే మనకు జీఎస్టీ నంబరు తప్పదనే అనుకోండి.

నాన్న కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు టర్నోవరు మీద చిన్న శాతం పన్ను కట్టే పద్ధతి) ఉండేవారు. ఆ స్కీములో ఉంటే వేరే రాష్ట్రానికి అమ్మకూడదు. 2023 అక్టోబరు 1 నుంచి సొంత రాష్ట్రం లోపల మాత్రం అమెజాన్ లాంటి ప్లాట్‌ఫాంల ద్వారా అమ్ముకోవచ్చు. రిజిస్ట్రేషన్ అక్కర్లేనంత చిన్నవాళ్లకూ అదే తేదీ నుంచి రాష్ట్రం లోపల అమ్ముకునే వీలు వచ్చింది, పోర్టల్‌లో ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలు. మేము మాత్రం మామూలు పద్ధతికి మారాం. రాష్ట్రం లోపల బిల్లుకు సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ (కేంద్రం వాటా, రాష్ట్రం వాటా), బయటికి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకానికి పన్ను). ప్లాట్‌ఫాం మీద అమ్మితే వాళ్లు టీసీఎస్ (అమ్మకం డబ్బులోంచి ముందే పట్టుకునే పన్ను) కింద 0.5 శాతం పట్టుకుని మన పేరున కడతారు (2024 జూలై 10కి ముందు అది 1 శాతం). అది పోయిన డబ్బు కాదు. పోర్టల్‌లో ఆమోదిస్తే మన క్యాష్ లెడ్జరులోకి వస్తుంది. చాలామంది ఆ బటన్ నొక్కడం మర్చిపోతారు.

హెచ్ఎస్ఎన్ కోడు (పన్ను కోసం సరుకు ఏ వర్గానిదో చెప్పే నంబరు) అన్నిటికీ ఒకటే వేయకండి. మిక్సీ పార్టులు 8509 కింద, కార్బన్ బ్రష్షులు 8545 కింద, కండెన్సర్లు 8532 కింద, రబ్బరు వాషర్లు 4016 కింద వస్తాయి. ఒక మధ్యాహ్నం మీ అకౌంటెంటు పక్కన కూర్చుని మొత్తం జాబితాకు రాయించుకుంటే మళ్లీ చూడనక్కర్లేదు.

లూజుగా కొని మనమే కవర్లలో వేసి సీలు చేసి అమ్మితే మనం ప్యాకర్లం అవుతాం. తూనికలు కొలతల శాఖలో ప్యాకరుగా నమోదు చేసుకోవాలి. కవరు మీద పేరు, చిరునామా, వస్తువు, ఎన్ని ముక్కలు, నెల, సంవత్సరం, అన్ని పన్నులతో కలిపి ఎంఆర్‌పీ, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశానిదో రాయాలి. సైటు పేజీలో కూడా ఇవన్నీ కనిపించాలి, నెల, సంవత్సరం తప్ప. చిన్న లేబుల్ ప్రింటరు కొంటే ఈ పని తేలిక.

ఏ దారిన అమ్మాలి

నేను మూడు మెట్లుగా వెళ్లాను, అదే చెబుతాను. మొదటిది వాట్సాప్ బిజినెస్. ఉచితం, కేటలాగులో 500 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు. గూగుల్ మ్యాపులో కొట్టు పేరు నమోదు చేసుకోండి, అదీ ఉచితమే. ఈ రెండింటితోనే మూడు నెలలు నడిపాను. జనం ఏం అడుగుతున్నారో, ఎక్కడ తడబడుతున్నారో ఆ మూడు నెలల్లో తెలిసింది.

రెండోది సొంత సైటు. నెలకింత అని కట్టే షాపిఫై లాంటివి ఉన్నాయి, సాంకేతిక తలనొప్పి ఉండదు. వూకామర్స్ అయితే సాఫ్ట్‌వేర్ ఉచితం, కానీ హోస్టింగు (సైటును ఉంచే సర్వరు), అప్‌డేట్లు, బ్యాకప్పులు మనమే చూసుకోవాలి. నేను వూకామర్స్ ఎంచుకున్నాను. కంపెనీ, తర్వాత మోడలు, తర్వాత పార్టు అని వరుసగా ఎంచుకునే ఏర్పాటు నాకు కావాలి, అది ఇందులో నాకు నచ్చినట్టు కుదిరింది. కంప్యూటరంటే చిరాకు ఉన్నవాళ్లు నెలవారీదే తీసుకోండి. ఏది తీసుకున్నా డొమైన్ పేరు (సైటు చిరునామా) మాత్రం మీ పేరు మీద, మీ ఈమెయిల్‌తో కొనండి. సైటు చేసిపెట్టే కుర్రాడి పేరు మీద ఉంటే రేపు అతను ఊరు మారితే మీ షాపు తాళం అతని దగ్గరే ఉండిపోతుంది.

పేమెంట్ గేట్‌వే (ఆన్‌లైన్‌లో డబ్బు వసూలు చేసిపెట్టే సంస్థ) వాళ్లు పాన్, బ్యాంకు ఖాతా, జీఎస్టీ కాగితం అడుగుతారు. సైటులో చిరునామా, డెలివరీ, రిటర్నులు, ప్రైవసీ, నిబంధనల పేజీలు ఉన్నాయో లేదో చూసి గానీ ఒప్పుకోరు. ఆ పేజీలు వేరే సైటు నుంచి ఎత్తి అతికించకుండా మీ మాటల్లో రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నా రిటర్ను నియమం మూడు వాక్యాలే: కొలత మేము తప్పు రాస్తే రెండు వైపుల ఖర్చూ మాదే. మీరు మోడలు తప్పు ఎంచుకుంటే తిరిగి పంపే ఖర్చు మీది. బిగించి కరెంటు ఇచ్చిన ఎలక్ట్రికల్ పార్టు వెనక్కి తీసుకోం.

మూడోది పెద్ద ప్లాట్‌ఫాంలు. అక్కడ జనం ఉంటారు, నిజమే. కానీ వాళ్ల పేజీలో నా కొలతల పట్టిక పెట్టడానికి చోటు చాలదు, కొనేవాళ్లతో ముందుగా మాట్లాడే వీలూ ఉండదు. ఒక ప్లాట్‌ఫాంలో జారు బ్లేడ్లు పెట్టినప్పుడు "సరిపోలేదు" అని వరుసగా వెనక్కి వచ్చాయి, రిటర్ను ఖర్చులు నా ఖాతాలో పడ్డాయి. ఇప్పుడు అక్కడ ఎవరికైనా పడేవే పెడతాను: 2.5 కండెన్సర్లు, లీటరు సైజు స్పష్టంగా ఉన్న కుక్కరు వాషర్లు. కప్లర్లు, బుష్‌లు సొంత సైటులోనే.

ధర

నలభై రూపాయల కప్లరును అరవై అయిదు రూపాయల కొరియరుతో పంపడం కుదరదు. అందుకే కిట్లు. జారు రిపేరు కిట్ అంటే బుష్, బ్లేడు, వాషరు, నట్టు, కింది కప్లరు అన్నీ ఒక కవరులో. బుష్ పోయిందంటే మిగతావి కూడా అరిగే ఉంటాయి కనుక కొనేవాళ్లకూ ఇదే మేలు.

ఒక లెక్క చూపిస్తాను. కిట్ ధర 249, 18 శాతం జీఎస్టీ కలిపి. పన్ను తీసేస్తే 211. సరుకు 70, కొరియరు 65, ప్యాకింగు 8, గేట్‌వే వాళ్ల 2 శాతం, దాని మీద జీఎస్టీ కలిపి దాదాపు 6. మిగిలేది 62. పది ఆర్డర్లకు 620. ఇప్పుడు పదిలో రెండు వెనక్కి వచ్చాయనుకోండి. ఒక్కోదానికి పోను 65, రాను 65, ప్యాకింగు 8, గేట్‌వే 6, మొత్తం 144 పోతుంది. ఎనిమిదింటి మీద వచ్చిన 496లోంచి 288 తీసేస్తే 208. రెండే రెండు రిటర్నులు లాభంలో మూడింట రెండు వంతులు తినేశాయి. వెర్నియర్ గురించి అంత సేపు ఎందుకు చెప్పానో ఈ లెక్కే చెబుతుంది. మీ అంకెలు వేసి మీరూ ఒకసారి చేసి చూడండి.

ప్యాకింగ్, పంపడం

చిన్న ముక్కల్ని పెద్ద డబ్బాలో పెట్టకండి. కొరియరు వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి బరువు కడతారు. అసలు బరువు, ఈ లెక్క బరువు, రెండింటిలో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. 20, 20, 15 సెం.మీ. డబ్బా అంటే లోపల ఏమున్నా 1.2 కిలోలే. అదే కిట్టును కవరులో పెడితే 200 గ్రాములు.

బ్లేడ్లు పదును. అట్టముక్క మడతలో పెట్టి టేపు చుట్టి, పైన "పదునైన బ్లేడు, జాగ్రత్త" అని రాస్తాం. కొరియరు వెళ్లని పల్లెలకు స్పీడ్‌పోస్ట్ పంపుతాను, పోస్ట్‌మ్యాన్ వెళ్లని ఊరు లేదు. గ్రైండరు రాళ్లు, మోటార్ల లాంటి బరువులకు ఆర్టీసీ కార్గో మంచిది. కొన్నవాళ్లు తమ బస్టాండుకు వచ్చి తీసుకెళ్తారు.

ప్రతి కవరులో ఒక చీటీ పెడతాం, తెలుగులో. మొదటి వాక్యం, "ముందు ప్లగ్గు తీసేయండి." తర్వాత కప్లరు ఎటు తిప్పాలో. దీని మీద మాకు వచ్చినన్ని ఫోన్లు దేని మీదా రాలేదు. మోటారు తిరుగుతుంటే కప్లరు దానంతట అదే బిగుసుకునేలా మర పెడతారు. కాబట్టి మోటారు ఎటు తిరుగుతుందో, ఇరుసును కదలకుండా పట్టుకుని కప్లరును అటే తిప్పితే ఊడుతుంది. ఇది తెలియక ఎదురు తిప్పి, బలం పెట్టి విరగ్గొట్టుకునేవారు. నాన్న చేత ముప్పై సెకన్ల వీడియో తీయించి, దాని క్యూఆర్ కోడు చీటీ మీద అచ్చు వేయించాను.

క్యాష్ ఆన్ డెలివరీ గురించి నా సలహా: కొత్తలో పూర్తిగా తెరవకండి. పార్సిలు వెళ్లేసరికి ఊళ్లో మేస్త్రీ దగ్గర దొరికిందని తీసుకోనివాళ్లు చాలామంది. ఇప్పుడు ముందు 50 రూపాయలు యూపీఐ చేయమంటాను, మిగతాది ఇంటి దగ్గర. ఆ యాభై కట్టిన వాళ్లలో పార్సిలు వద్దన్నవాళ్లు అరుదు.

స్టాకు విషయంలో ఒక చిన్న జాగ్రత్త. కౌంటరులోనూ, సైటులోనూ ఒకే డబ్బాలోంచి అమ్ముతాం. సాయంత్రం వరకు సైటులో లెక్క మారదు. అందుకని డబ్బాలో 10 ఉంటే సైటులో 7 అని పెడతాను. రాత్రి కొట్టు కట్టేముందు పది నిమిషాలు కూర్చుని సరిచేస్తాను. ఏ నెలలో ఏది పోతుందో మన వంటిళ్లే చెబుతాయి. మార్చి వస్తే కండెన్సర్లు, ఆవకాయ రోజుల్లో కారం, ఆవపిండి కొట్టీ కొట్టీ అరిగిన బుష్‌లు, బ్లేడ్లు, సంక్రాంతి ముందు గ్రైండరు బెల్టులు. నెల ముందే తెప్పించి పెట్టుకోండి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు కూడా కొంటారు. ఇక్కడి నుంచి తీసుకెళ్లిన మిక్సీ అక్కడ ట్రాన్స్‌ఫార్మరు మీద నడుస్తుంది, జారు పార్టులకు వోల్టేజీతో పని లేదు కనుక సూట్‌కేసులో రెండు కిట్లు పెట్టి పంపుతారు. వాళ్లకు మోడలు రెండుసార్లు అడిగి సరిచూసుకుని ఇవ్వండి. తేడా వస్తే మార్చి పంపడానికి ఇంకెవరో ప్రయాణం కట్టేదాకా ఆగాలి.

పాత ముక్క తెచ్చారా?

సైటులో ప్రతి పేజీ కింద ఒక పచ్చ బటన్ ఉంది: "అనుమానంగా ఉందా? పాత ముక్క ఫొటో పంపండి." నొక్కితే వాట్సాప్ తెరుచుకుంటుంది. మూడు ఫొటోలు అడుగుతాను. మిక్సీ అడుగున అంటించిన మోడలు స్టిక్కరు, పాత ముక్క పైనుంచి, అదే ముక్క స్కేలు పక్కన లేదా పది రూపాయల బిళ్ల పక్కన. స్టిక్కరు చెరిగిపోతే కొన్న ఏడాది, వాట్లు అడుగుతాను. మధ్యాహ్నం భోజనం తర్వాత నాన్న కళ్లద్దాలు పెట్టుకుని ఆ ఫొటోలన్నీ చూస్తారు. "ఇది పడుతుంది, ఇది పడదు, ఇతన్ని జారు తిరగేసి ఇంకో ఫొటో తీయమను" అని చెబుతారు. అప్పుడే లింకు పంపుతాను. ఇలా సరిచూసి పంపినవాటిలో వెనక్కి వచ్చినవి వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మన దగ్గర లేనివి అడిగినవాళ్లను "లేదు" అని వదిలేయకుండా వేరే పుస్తకంలో రాసుకోండి: తేదీ, ఏం అడిగారు, ఏ మోడలు. నెలాఖరున ఆ పుస్తకం తిరగేస్తే తర్వాత ఏం ఎక్కించాలో తెలుస్తుంది. పోయిన నెలలో తాడు లాగితే ఉల్లిపాయలు తరిగే చిన్న చాపరుకు తాడు కావాలని పదకొండు మంది అడిగారు. తాడు తెగితే మొత్తం చాపరు పారేస్తున్నారట. విజయవాడ హోల్‌సేలులో అడిగి మూడు రకాల తాళ్లు శాంపిల్ తెప్పించాను. పొడవు, మందం కొలవాలి, ఏది ఏ చాపరుకు పడుతుందో నాన్న చేత బిగించి చూపించుకోవాలి, తర్వాతే వాటికి పేజీ.